గిజిగాడు గారైన వైనం

కలువలంక కాలవగట్టు మీద పక్షుల విహార కేంద్రం ప్రారంభించిన రోజున రిబ్బను సగమే తెగింది. అందులో కత్తెర తప్పేమీ లేదు. ప్రారంభోత్సవానికి విచ్చేసిన సర్వోత్తమరావు గారి చూపు సరిగ్గా ఆ క్షణానికి రిబ్బనుకు అవతల ఉన్న బోర్డు మీద పడింది. పసుపు టోపీ పెట్టుకున్నట్టుండే చిన్న పిట్ట బొమ్మ, పక్కన సొరకాయలా వేలాడే గూడు, కింద జానెడేసి అక్షరాలతో 'గిజిగాడు' అన్న పేరు. ఆయన కత్తెర దించేశారు.

"గాడేమిటి?" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. కేంద్రం కాపలాదారు ఏసురత్నం మాత్రం ధైర్యం చేశాడు. "ఆ పిట్ట పేరేనండి. అదిగోనండి, ఆ తాడిచెట్ల నిండా ఆళ్ళేనండి, ఆయ్."

"పేరు మాకూ తెలుసును. గాడేమిటి అని అడుగుతున్నాను. పొద్దస్తమానం పాడుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా, సొంతంగా ఇల్లు కట్టుకునే ఒక జీవిని ప్రభుత్వ బోర్డు మీద, ప్రభుత్వ రంగుతో గాడంటారా?"

అప్పటిదాకా అక్కడెవరికీ ఆ అన్యాయం తట్టలేదు. ఆయన అన్నాక మాత్రం అందరికీ బోర్డు వైపు చూడటానికి కాస్త సిగ్గేసింది.

సర్వోత్తమరావు గారు రాష్ట్ర మర్యాద భాషా మండలికి అధ్యక్షులు. ఏదో సభలో ఒక వక్త నోరు జారి ఒక పెద్దమనిషిని 'వాడు' అన్నప్పుడు పుట్టిన మండలి అది. తెలుగులో గౌరవం ఎక్కడెక్కడ కారిపోతోందో కనిపెట్టి అక్కడ మాట్లు వేయడం దాని పని. బస్టాండుల్లో 'దొంగలున్నారు జాగ్రత్త' అని రాసి ఉండటం చూసి, దొంగల్ని సైతం 'ఉన్నారు' అన్న సంస్కారానికి ముగ్ధులై మండలి వారు అభినందన తీర్మానం చేశారు. ఊళ్ళో ఏ విందు జరిగినా అధ్యక్షుల వారు విస్తట్లోంచి ఒక గారె పైకెత్తి చూపించేవారు. "చూశారా, పూర్వులు తినే వస్తువులో కూడా గారు పెట్టారు. మనం మనుషుల్లోంచి తీసేస్తున్నాం," అనేవారు. ఆ మాట పూర్తయ్యేదాకా మిగతావాళ్ళు గారె తుంచేవారు కాదు.

ఆ రోజు గుంపులో వెనకగా, అధ్యక్షుల వారికి కప్పబోయే శాలువా చేత్తో పట్టుకుని నిలబడ్డవారు త్రినాథం మాస్టారు. మండలిలో ఆయన పదమూల పరిశోధకులు. అసలు ఉద్యోగం హైస్కూల్లో తెలుగు పండితుడిగా. మాటల చివర తగిలే తోకలంటే, అంటే కాడు, గాడు, కత్తె, తనం లాంటివంటే, ఆయనకు చిన్నప్పటినుంచీ పిచ్చి. వయసులో సగం వెచ్చించి వాటన్నిటితో ఒక నిఘంటువు తయారు చేసుకున్నారు. దాన్ని అచ్చు వేసేవాళ్ళు దొరకలేదు. మండలి వేస్తుందన్న ఆశతోనే బడి వదిలి డిప్యుటేషన్ మీద ఇక్కడికి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి అధ్యక్షుల వారు "చూద్దాం" అంటున్నారు, మాస్టారు చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే మాస్టారికి పని పడింది. గిజిగాడు అన్న పేరు ఎలా పుట్టిందో తేల్చాలి. ఇలాంటి పని కోసమే ఆయన ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నారు. మధ్యాహ్నానికల్లా చక్కటి దస్తూరితో రాసి తీసుకెళ్ళారు. ఆ పిట్ట గిజగిజమని కూస్తుంది, అందుకని గిజి అయి ఉండవచ్చు. గాడు అన్నది తిట్టు కాదు. ఆటగాడు, పాటగాడు అన్నప్పుడు వచ్చే గాడే, ఆ పని చేసేవాడని అర్థం. లేదా పసివాణ్ణి ముద్దుగా బుజ్జిగాడు అన్నట్టూ కావచ్చు. ఇదమిత్థమని తేల్చలేం.

సర్వోత్తమరావు గారు చదివి కళ్ళజోడు తీశారు.

"తేల్చలేం అనడానికి ప్రభుత్వం మనకు మేడ కట్టించి ఇవ్వలేదు, త్రినాథం గారూ."

"మరేం చేయమంటారండి?"

"మూలం వెతకండి."

"వెతికానండి."

"లోతుగా వెతకండి. సంస్కృతంలో అగారం అంటే ఇల్లు. అవునా?"

"అవునండి."

"గజం అంటే ఏనుగు."

"అవునండి."

"గజాగారం! పిట్ట ఎంత, అది కట్టే ఇల్లెంత? తన ఒంటితో పోలిస్తే ఏనుగంత ఇల్లు. గజాగారం కాస్తా గజగారు అయింది. గజగారు గిజిగారు అయింది. తర్వాత ఎవరో మర్యాద తెలియనివారు 'రు' పీకేసి 'డు' పెట్టారు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇది నేను చెప్పడం లేదు. మీరు చెబుతున్నారు."

మాస్టారు ఏదో అనబోయారు.

"అన్నట్టు, మీ నిఘంటువు సంగతి. వచ్చే సమావేశంలో పెడదామనుకుంటున్నాను," అన్నారు అధ్యక్షుల వారు.

మాస్టారు అనబోయింది మింగేశారు.

సాయంత్రం ఇంటికెళ్ళి వాకిట్లో కూర్చుంటే, గోంగూర కోస్తూ భార్య మంగతాయారు సంగతంతా రాబట్టింది.

"మధ్యలో ఏనుగెందుకొచ్చిందండీ?"

"వచ్చింది."

"మీరు రమ్మన్నారా?"

"లేదు. అధ్యక్షుల వారు తోలుకొచ్చారు."

"ఆయన తోలుకొస్తే మీరెందుకు మేపడం?"

మాస్టారు లోపలికి వెళ్ళి పెట్టెలోంచి నిఘంటువు కట్ట తీసి, దుమ్ము దులిపి మళ్ళీ పెట్టేశారు. మర్నాడు ఆఫీసులో ఏనుగు కథ రాసి సంతకం పెట్టారు. ఆఖర్న మాత్రం 'అని కూడా చెప్పవచ్చునేమో' అని చేర్చారు. ఆ 'కూడా'లోనూ ఆ 'నేమో'లోనూ తన నిజాయితీ అంతా దాచుకున్నానని ఆయన ధైర్యం. అచ్చయి వచ్చేసరికి 'అని చెప్పవచ్చును' అని ఉంది. స్థలాభావం వల్ల తీసేశారట.

కేంద్రంలో బోర్డు మారింది. 'శ్రీ గిజిగారు' అని రాసి, చుట్టూ పూలతీగ వేశారు. ఏసురత్నానికి రోజంతా శిక్షణ ఇచ్చారు. అధ్యక్షుల వారే స్వయంగా పూనుకున్నారు.

"చెట్టు మీద పిట్టలున్నాయి అనకూడదు. గిజిగార్లు వేంచేసి ఉన్నారు అనాలి."

"ఆయ్."

"గూడు అనకూడదు. నివాసం అనాలి. కూసింది అనకూడదు. ఆలపించారు అనాలి."

"అలాగేనండి. మరి రెట్టేస్తేనండి?"

అధ్యక్షుల వారు చాలాసేపు ఆలోచించారు. "ఆ విషయం ప్రస్తావించకండి," అన్నారు చివరికి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఒక గాడుకు న్యాయం జరిగాక మిగతా గాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. ఇకమీదట గాడు అన్న ప్రతిచోటా గారు అనాలని మండలి ఉత్తర్వు వేసింది. ఊళ్ళో కబడ్డీ పోటీలు జరుగుతుంటే మైకులో "మన జట్టు మొనగారు కూతకు వెళుతున్నారు... ఆటగారిని ఆటగారు కాలు పట్టుకున్నారు!" అని వినిపించింది. అవతలి జట్టువాళ్ళు ఆడటం మానేసి, ఇంత చిన్న తప్పుకు కాళ్ళు పట్టుకోవడమెందుకని పైకి లేవదీశారు. ఒక పెళ్ళిలో అత్తగారి చెల్లెలు "పెళ్ళికొడుకు అందగారు" అంటే, ఇంటిపేరేమోననుకుని పురోహితుడు సంకల్పంలో చదివేశాడు. మాస్టారు వీధిలో నడుస్తుంటే తెలిసినవాళ్ళు "అంతా మీ చలవేనండి" అనేవాళ్ళు. అది మెప్పో ఎత్తిపొడుపో ఆయనకు తేలేది కాదు. రెండింటికీ కలిపి ఒకే నమస్కారం పెట్టేసేవారు.

ఇంతలో వానలు పడ్డాయి. తాడిచెట్ల నిండా గూళ్ళు వేలాడాయి. మండలానికి కొత్త తహసీల్దారుగా భానురేఖ గారు వచ్చారు. చిన్న వయసు, చురుకైన మనిషి. చార్జి తీసుకుంటూనే కాలవగట్టు ఆక్రమణల మీద దృష్టి పెట్టారు. గట్టంతా తిరిగి చూసి, కేంద్రంలో బోర్డు ముందు ఆగారు.

"శ్రీ గిజిగారు," అని పైకి చదివారు. "ఎవరీయన?"

"పిట్టలండి," అన్నాడు ఏసురత్నం, శిక్షణ మరిచిపోయి.

"గారు అని ప్రభుత్వమే రాసింది కదా?"

"రాసిందండి."

"గారు అంటే గౌరవనీయ వ్యక్తి అని మండలి ఉత్తర్వులో నిర్వచనం ఉంది. నేను చదివాను. వ్యక్తి అయితే ఆయన కట్టింది ఇల్లు. గట్టు పోరంబోకు. పోరంబోకులో అనుమతి లేకుండా ఇల్లు. అంతేనా?"

ఏసురత్నం చెట్టు వైపు చూశాడు. "అలా ఆలోచించలేదండి నేను," అన్నాడు.

భానురేఖ గారికి పిట్టల మీద కక్ష ఏమీ లేదు. కానీ పక్కనే ఒక పెద్దమనిషి గట్టు మీద కట్టిన షెడ్డు తీయించబోతే, ఆయన ఇదే బోర్డు చూపించి, "ముందు ఆ గారిని లేపండి, తర్వాత ఈ గారి సంగతి" అన్నాడు. రూలు అందరికీ ఒకటే కదా. చెట్టుకు నోటీసు అంటించారు. సదరు గిజిగారు ఒక్కొక్కరి పేర రెండేసి, మూడేసి ఇళ్ళున్నట్టు, కొన్ని సగం కట్టి వదిలేసినట్టు, ఒకే గిజిగారికి పక్కపక్క ఇళ్ళలో ఇద్దరు భార్యలున్నట్టు సర్వేలో తేలింది. ఈ ఆఖరి సంగతి విని మండలిలో గగ్గోలు పుట్టింది. గారు అన్నాక అలా ఉండవచ్చునా అని కొందరు సభ్యులు అడిగారు. ఉన్నవారు చాలామంది ఉన్నారని అధ్యక్షుల వారు సర్దిచెప్పారు. గిజిగాడు గూట్లో దీపానికి మిణుగురుల్ని అతికిస్తాడని పిల్లలకు చెప్పే కథ ఎలా తెలిసిందో, కరెంటు ఆఫీసువాళ్ళు కూడా వచ్చి మీటరెక్కడని చూసి వెళ్ళారు.

ఒక మధ్యాహ్నం వానలో ఏసురత్నం గొడుగు కూడా లేకుండా తడిసి మాస్టారింటికి వచ్చాడు.

"మాస్టారండి, గూళ్ళన్నీ దోటీలు పెట్టి లాగేస్తారంటండి. పిల్లలున్నాయండి వాటిల్లో. ఇంకా రెక్కలు రాలేదండి."

"విచారణ ఎప్పుడు?"

"రేపేనండి. చెట్టు కిందే." ఏసురత్నం తల తుడుచుకున్నాడు. "గాడుగా ఉన్నన్నాళ్ళు ఆటి జోలికి ఎవరూ రాలేదండి. గారుని చేసింది మీరేకదండి. మీరే ఏదోటి చెయ్యాలండి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే మాస్టారికి మరీ గుచ్చుకుంది. మంగతాయారు ఏసురత్నానికి తువ్వాలూ టీ తెచ్చి ఇచ్చింది.

మర్నాడు తాడిచెట్ల కింద షామియానా వేశారు. ప్రతివాదులు ఆఫీసుకు రాలేరు కాబట్టి ఆఫీసే వారి దగ్గరికి వచ్చింది. భానురేఖ గారు బల్ల వెనక కూర్చున్నారు. పక్క కుర్చీలో సర్వోత్తమరావు గారు. ఇళ్ళు తీసేసినా సరే, తీసేటప్పుడు మర్యాద లోపించకుండా చూడటానికి వచ్చారు. దోటీలు పట్టుకున్న కూలీలు ఓ పక్కన, ఊరివాళ్ళు ఓ పక్కన నిలబడ్డారు.

బంట్రోతు గొంతు సవరించుకుని చెట్టు కేసి చూస్తూ పిలిచాడు. "శ్రీ గిజిగారూ, హాజరు!"

చెట్టు చెట్టంతా ఒక్కసారిగా గిజగిజమంది.

"హాజరయ్యారు, రాసుకోండి," అన్నారు భానురేఖ గారు గుమాస్తాతో. "ఆక్రమణ మీద తమరు చెప్పుకునేదేమైనా ఉందా?"

మళ్ళీ గిజగిజ. గుమాస్తా కలం ఆపి, "ఇదెలా రాయమంటారు మేడం?" అన్నాడు.

"అభ్యంతరం తెలిపారు, భాష అర్థం కాలేదు. పదమూల పరిశోధకుల వారు ఉన్నారా? అనువాదానికి?"

త్రినాథం మాస్టారు ముందుకు వచ్చారు. సరిగ్గా ఆయన నెత్తి మీద ఒక మగపిట్ట కొత్తగా అల్లిన గూటికి తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ, గొంతు చించుకుని పాడుతోంది. గోధుమరంగు ఆడపిట్ట ఒకటి వచ్చి గూట్లో దూరింది. లోపలంతా చూసి, బయటికొచ్చి, ఒక్క మాటైనా అనకుండా ఎగిరిపోయింది. మగపిట్ట ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత ఇంకో గడ్డిపోచ తేవడానికి వెళ్ళింది. పక్క గూటి గొట్టంలోంచి పసుపు నోళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. మాస్టారికి పెట్టెలోని కట్ట గుర్తొచ్చింది. వచ్చే సమావేశం ఎల్లుండే. అధ్యక్షుల వారు ఆయన్నే చూస్తున్నారు, చిరునవ్వుతో.

"అనువాదం అక్కర్లేదండి," అన్నారు మాస్టారు. "అది ఒకటే మాట అంటోంది. గిజ అని. అందుకే దాన్ని గిజిగాడన్నారు. ఏనుగూ లేదు, అగారమూ లేదు. నేను రాసింది కల్పన. గాడు అన్నది తప్పు మాట కాదండి. దగ్గరివాళ్ళని అనే మాట. ఈ పిట్టను మనవాళ్ళు దగ్గరగా చూసి పెట్టుకున్న పేరు అది. అది గారు కాదు. గౌరవనీయ వ్యక్తి అసలే కాదు. పిట్ట."

"త్రినాథం గారూ!" అన్నారు అధ్యక్షుల వారు. "ఇచ్చిన గౌరవం వెనక్కి తీసుకోవడం మన మండలి చరిత్రలో లేదు. ఆలోచించి మాట్లాడండి. మీ నిఘంటువు..."

"అందులోనూ ఇలాగే రాశానండి. 'గ'లో ఉంది," అన్నారు మాస్టారు.

భానురేఖ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పొద్దుటినుంచీ ఆమె మొహంలో లేని కళ వచ్చింది. "అంటే, ప్రభుత్వ పరిశోధకుల హోదాలో ఇది పక్షి అని ధ్రువీకరిస్తున్నారా?"

"ధ్రువీకరిస్తున్నానండి."

"ఎవరో ఒకరు ఆ మాట అంటే చాలని చూస్తున్నానండీ," అన్నారామె మెల్లగా. వెంటనే గొంతు మార్చి గుమాస్తాకు చెప్పారు. "రాసుకోండి. సదరు గిజిగారు అనువారు గారు కారనియు, పక్షి అనియు తేలినందున, పక్షులు కట్టునది గూడు గాని గృహము కాదు గనుక, చర్య ఉపసంహరించడమైనది. పక్క షెడ్డువారు మాత్రం గారే అయినందున, కూలీలు అటు వెళ్ళవలెను."

దోటీలు షెడ్డు వైపు కదిలాయి. షెడ్డు పెద్దమనిషి తాను కూడా గాడేనని, కావాలంటే ఊళ్ళో ఎవర్నైనా అడగమని వెంటబడ్డాడు కానీ, ఆయన విషయంలో ధ్రువీకరించడానికి పరిశోధకులెవరూ ముందుకు రాలేదు.

మండలి మాస్టారిని తిట్టలేదు. తిట్టడం దాని నియమావళికి విరుద్ధం. సమావేశం రోజున ఆయన్ను వేదిక మీదికి ఆహ్వానించి, పూలదండ వేసి, శాలువా కప్పారు. సర్వోత్తమరావు గారు అరగంట మాట్లాడారు. త్రినాథం గారి పాండిత్యం అపారమనీ, అంతటి వారిని ఈ చిన్న మండలిలో బంధించి ఉంచడం అపచారమనీ, కనుక రేపటినుంచి తమరు దయచేసి ఇటువైపు రానవసరం లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నామనీ అన్నారు. సభికులు చప్పట్లు కొట్టారు. నిఘంటువు గురించి ప్రస్తావన రాలేదు.

ఇంటికొచ్చి శాలువా మడత పెట్టి మంగతాయారు చేతికిచ్చారు మాస్టారు.

"తీసేశారా?"

"చాలా మర్యాదగా."

"పోన్లెండి," అంది ఆవిడ. శాలువా అంచు తడిమి చూసి, "నేత బాగుంది," అంది.

కేంద్రంలో బోర్డు సంగతి మాత్రం ఓ పట్టాన తెమల్లేదు. గారు అని ఉంచితే తహసీల్దారు గారి ఉత్తర్వు ఒప్పుకోదు. గాడు అని రాస్తే మండలి ఒప్పుకోదు. ఆఖరికి ఉభయులకూ సమ్మతంగా ముందున్న 'శ్రీ' మీదా, చివరి రెండక్షరాల మీదా తెల్లరంగు పూయించారు. ఇప్పుడక్కడ 'గిజి' అని మాత్రం ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు ఇదేం పేరని అడిగితే, "మిగతాది మీ ఇష్టమండి, ఆయ్," అంటాడు ఏసురత్నం.

సోమవారం పొద్దున్న త్రినాథం మాస్టారు మళ్ళీ తన పాత హైస్కూలుకు వెళ్ళారు. మండలిలో ఉన్నన్నాళ్ళూ, పేరు వెనక గారు తగిలించకుండా ఆయన్ను పిలిచినవాళ్ళు లేరు. గేటు దాటి వరండా ఎక్కబోతుండగా, తొమ్మిదో తరగతి కిటికీ వెనక గుసగుస వినిపించింది.

"ఒరేయ్, లెగండ్రా! మాస్టారుగాడు మళ్ళీ వచ్చేశాడ్రోయ్!"

లోపల బెంచీలు కిర్రుమన్నాయి. ఎవరో నవ్వారు, ఎవరో నోరు మూశారు. మాస్టారు స్తంభం చాటున ఆగిపోయారు. మాస్టారు, ఆ తర్వాత గాడు. రెండూ ఒకే మాటలో, ఒకదాన్నొకటి తోసుకోకుండా, హాయిగా కూర్చున్నాయి. ఇన్నేళ్ళ నిఘంటువులో ఈ మాట ఎక్కడా లేదు.

చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, ఇంకోసారి అంటారేమోనని ఆయన కాసేపు అక్కడే ఉన్నారు.